టెక్సాస్‌లో కొన్న తుపాకులు న్యూజెర్సీకి తీసుకెళ్ళొచ్చా?

డాలస్ దగ్గర నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వేయను. సారాంశం ఇదీ:

ఆయనకు 39 ఏళ్ళు, సొంతూరు గుంటూరు జిల్లాలో. కాలేజీలో ఎన్‌సీసీ చేసేటప్పుడు .22 రైఫిల్ పట్టుకుని కాల్చిన రోజును ఇప్పటికీ మర్చిపోలేదట. అమెరికా వచ్చి 11 ఏళ్ళు. హెచ్-1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నారు. భార్యది ఆయన మీద ఆధారపడిన హెచ్-4 వీసా. బాబుకి తొమ్మిదేళ్ళు.

నాలుగేళ్ళ కిందట ఒక స్నేహితుడు షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ పాత సరదా నిద్ర లేచింది. హెచ్-1బీ వాళ్ళు కూడా హంటింగ్ లైసెన్స్ ఉంటే తుపాకి కొనుక్కోవచ్చని ఎవరో చెబితే, లైసెన్స్ తీసుకున్నారు. "నిజం చెప్పాలంటే ఇంతవరకూ పిట్టను కూడా కొట్టలేదండీ" అని రాశారు. ఆ లైసెన్స్ చూపించి, షాపులో ఫారం నింపి, ఒకదాని తర్వాత ఒకటి మూడు కొన్నారు. మూడూ పాత మిలిటరీ తుపాకుల పోలికతో చేసిన సెమీ ఆటోమేటిక్‌లే: రొమేనియా ఏకే, రెండో ప్రపంచయుద్ధం నాటి ఎం1 కార్బైన్‌కి కొత్తగా చేసిన నకలు, పాత గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో కనిపించే థామ్సన్ తుపాకి నకలు. థామ్సన్‌కి 50 గుళ్ళు పట్టే గుండ్రటి డ్రమ్ము కూడా ఉంది.

ఇప్పుడు న్యూజెర్సీలో మంచి ఉద్యోగం వచ్చింది, ఫిబ్రవరిలో చేరాలి. "ఆ ఇనుము ఇంట్లో ఉంటే నేను ఆ ఇంట్లో అడుగు పెట్టను" అని భార్య తేల్చి చెప్పేసింది. బాబు స్కూల్లో "మా డాడీ దగ్గర ఏకే ఉంది" అని బొమ్మ వేస్తే టీచర్ ఫోన్ చేసినప్పటి నుంచి ఇంట్లో మాటలు సరిగ్గా లేవు. ఆఫీసులో తమ్ముడి లాంటి కుర్రాడొకడు, వాడూ హెచ్-1బీయే, ఏకేని క్యాష్ ఇచ్చి తీసుకుంటానంటున్నాడు. అట్లాంటాలో ఉన్న బావమరిది, అమెరికా పౌరుడు, "క్రిస్మస్‌కి వస్తాను కదా, డిక్కీలో వేసుకుపోతాను, నీ గ్రీన్ కార్డు వచ్చాక తీసుకుందువు గానీ" అన్నాడు. ఇవేవీ కాకపోతే సామాన్ల ట్రక్కులోనే తీసుకెళ్ళి అక్కడ కనుక్కుందామా అని కూడా ఆలోచిస్తున్నారు.

ఉత్తరంలో ఏడో పేరాలో, మధ్యలో ఇరికించినట్టు ఒక వాక్యం ఉంది: "హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోయింది, రెన్యూ చేయడం మర్చిపోయాను, దసరాకి రెండుసార్లు రేంజ్‌కి కూడా వెళ్ళాను, అది పెద్ద విషయం కాదనుకుంటాను." తర్వాత మళ్ళీ ప్రశ్న: "ఏ రాష్ట్రంలో ఏది చెల్లుతుందో కాస్త చెప్పండి. అమ్మాలా, దాచాలా, తీసుకెళ్ళాలా?"

సమాధానం:

మీరు రాష్ట్రాల గురించి అడిగారు. చెబుతాను. కానీ ముందు ఆ ఏడో పేరా దగ్గర ఆగాలి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను కంగారు పెట్టింది ఆ ఒక్క వాక్యమే.

నేను లాయర్ని కాను. అయినా ఈ సంగతి తుపాకులతో పరిచయమున్న ఏ లాయరైనా మొదటి ఐదు నిమిషాల్లోనే చెబుతారు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, ఇమ్మిగ్రెంట్ కాని వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వాళ్ళందరూ, తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండకూడదు. కొన్నప్పుడు మాత్రమే కాదు, కలిగి ఉన్నంతకాలమూ అదే నియమం. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మీరు వాడుకున్నది హంటింగ్ లైసెన్స్ మినహాయింపు. అది తలుపు తీసే తాళంచెవి లాంటిది కాదు, ఒకసారి లోపలికొచ్చాక జేబులో పడేసుకోవడానికి. గొడుగు లాంటిది. మూసేస్తే తడుస్తారు. టెక్సాస్‌లో ఆ లైసెన్స్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. అంటే సెప్టెంబరు 1 నుంచీ మీ సేఫ్‌లో ఉన్న మూడు తుపాకులూ, పక్కన ఉన్న బులెట్ల డబ్బాలూ మీ దగ్గర ఉండకూడనివే. వాటిని కొన్నది పూర్తిగా చట్టప్రకారమే కావచ్చు, ఫారంలో అన్నీ నిజాలే రాసి ఉండొచ్చు. అయినా సరే.

దీనికి శిక్ష కాగితం మీద 15 ఏళ్ళ దాకా ఉంది. 2022లో పదేళ్ళ నుంచి పెంచారు. మీలాంటి మతిమరుపు కేసులో అంత పడుతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అలవాటుగా వెళ్ళే రేంజ్‌లో లైసెన్స్ అయిపోయిందని తెలియక కాల్చినవాడికీ, తెలిసీ దాచుకున్నవాడికీ కోర్టులో తేడా ఉంటుంది. కానీ ఇప్పుడు మీకు తెలిసింది. అసలు భయం జైలు కూడా కాదు. తుపాకి చట్టాల కింద నేరం రుజువైతే వీసా మీద ఉన్నవాళ్ళనే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళను కూడా దేశం నుంచి పంపించేయొచ్చు. 11 ఏళ్ళు క్యూలో నిలబడింది ఒక రెన్యూవల్ మర్చిపోవడం వల్ల పోతుందంటే నాకే కడుపులో తిప్పుతోంది.

కాబట్టి ఈ వారం చేయాల్సింది ఒకటే పని. తుపాకి కేసులు చూసే లాయర్‌తోనూ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడండి. ఇద్దరితోనూ. మీ కంపెనీ లాయర్ చాలదు, ఆయన పని కంపెనీ తరఫున. "రేపే లైసెన్స్ రెన్యూ చేసేస్తే సరిపోతుంది కదా" అని మీకు అనిపిస్తుంది. రెన్యూ చేస్తే ఆ రోజు నుంచి గొడుగు మళ్ళీ తెరుచుకుంటుంది, మధ్యలో తడిసింది ఆరదు. రెన్యూ ముందా, తుపాకులు వదిలించుకోవడం ముందా అన్నది లాయర్ చెప్పాలి. ఎందుకంటే వాటిని కారులో పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళడం కూడా కలిగి ఉండటమే. కొన్నిసార్లు లాయరే షాపువాళ్ళతో మాట్లాడి, వాళ్ళే వచ్చి తీసుకెళ్ళేలా చూస్తారు. అప్పటిదాకా సేఫ్ తెరవకండి, రేంజ్‌కి వెళ్ళకండి. దీని గురించి వాట్సాప్‌లో ఎవరికీ రాయకండి, పాత ఫొటోలు చెరిపేయాలని కూడా చూడకండి. చెరపడం కొత్త తలనొప్పి. నాకు రాసిన ఉత్తరం చాలు.

ఇక రాష్ట్రాల సంగతి.

మీరు పదకొండేళ్ళుగా టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి అమెరికా అంతా అలాగే ఉంటుందనుకుంటున్నారు. అక్కడ సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు, అంతే. పైకి అది ఎలా కనిపిస్తుందన్నది రాష్ట్రం పట్టించుకోదు. జార్జియా కూడా దాదాపు అంతే. కానీ 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్‌లో ఒకడు ఏకే నకలుతో స్కూలు పిల్లల మీద కాల్పులు జరిపాక, ఆ ఏడే కాలిఫోర్నియా ఇలాంటి తుపాకుల్ని పేర్లు పెట్టి నిషేధించింది. మరుసటి ఏడు న్యూజెర్సీ. 1994లో దేశమంతటికీ ఒక ఫెడరల్ నిషేధం వచ్చింది, అది పదేళ్ళకే రాసిన చట్టం, 2004 సెప్టెంబరులో ఎవరూ పొడిగించకుండానే ముగిసిపోయింది. అప్పటి నుంచీ ఎవరి రాష్ట్రం వాళ్ళది. 2012 డిసెంబరులో కనెక్టికట్‌లోని శాండీహుక్ స్కూల్లో జరిగిన కాల్పుల ఘోరం తర్వాత న్యూయార్క్, కనెక్టికట్, మేరీల్యాండ్ 2013లో చట్టాలు బిగించాయి. డెలవేర్ 2022లో, ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రం 2023లో ఆ దారి పట్టాయి.

ఒక్కోచోట కొలత ఒక్కోలా ఉంటుంది. అందరినీ తికమక పెట్టేది ఇదే. కొన్ని రాష్ట్రాలు పేర్ల జాబితా పెడతాయి. కొన్ని ఒంటి మీద గుర్తులు చూస్తాయి: గుళ్ళు నింపే డబ్బా, అంటే మ్యాగజైన్, ఊడదీయడానికి వీలవుతుందా, పిస్టల్ పిడి ఉందా, భుజానికి ఆనించే బట్ మడతపడుతుందా, మంట కనపడకుండా చేసే గొట్టం ఉందా, బాయ్‌నెట్ తగిలించే కొక్కెం ఉందా. న్యూయార్క్‌లో మ్యాగజైన్ ఊడే రైఫిల్‌కి వీటిలో ఒక్కటి ఉన్నా చాలు, నిషేధం. వాషింగ్టన్‌లో 2023కి ముందు నుంచీ ఉన్నవాళ్ళు ఉంచుకోవచ్చు గానీ, కొత్తగా అమ్మకూడదు, బయటి నుంచి తేకూడదు. కాలిఫోర్నియాలో పిడి మార్చి, గొట్టం తీసేసి, అదే తుపాకిని చట్టానికి లొంగేలా చేసి అమ్ముతారు. చూడటానికి సర్కస్‌లా ఉంటుంది. తర్కం అడిగితే నా దగ్గర సమాధానం లేదు, జింకల వేటకు వాడే మామూలు రైఫిల్ తూటా చాలాసార్లు ఎం1 కార్బైన్ తూటా కంటే బలమైనది. కానీ వాదన వేరు, అరెస్టు వేరు.

మీ మూడింటి సంగతికొస్తే, న్యూజెర్సీ పేర్ల జాబితాలో కలాష్నికోవ్, అంటే మీ ఏకే, తరహా సెమీ ఆటోమేటిక్‌లు ఉన్నాయి. ఎం1 కార్బైన్ తరహా కూడా ఉంది. అవును, తాతల కాలంనాటి, చెక్క బట్‌తో ముద్దుగా కనిపించే ఆ చిన్న తుపాకే. మీ ఉత్తరంలో "కార్బైన్‌తో ఇబ్బంది ఉండదులెండి, అది మ్యూజియం పీసు" అన్నారు. చాలామంది అక్కడే జారిపడతారు. ఇలాంటిది లైసెన్స్ లేకుండా దొరికితే న్యూజెర్సీలో రెండో డిగ్రీ నేరం, అయిదు నుంచి పదేళ్ళు. థామ్సన్ పేరు ఆ జాబితాలో లేదు, కానీ దాని డ్రమ్ము అక్కడ నేరం: 2018 నుంచి పది గుళ్ళకు మించిన మ్యాగజైన్ ఉండకూడదు, దానికే 18 నెలల దాకా శిక్ష. డ్రమ్ము వదిలేసి తుపాకి మాత్రం తీసుకెళ్తానంటారా, అది అక్కడి గుర్తుల కొలతకు నిలుస్తుందా లేదా అన్నది అక్కడి లాయర్ రాతపూర్వకంగా చెప్పాలి. పైగా అక్కడ కొత్తగా స్థిరపడేవాళ్ళు 60 రోజుల్లో తుపాకి ఐడీ కార్డుకు అప్లై చేసి, తెచ్చుకున్న తుపాకుల్ని రిజిస్టర్ చేయించుకోవాలి. వేలిముద్రలు, రెఫరెన్సులు, పోలీసులు. మీ సెప్టెంబరు సంగతి మీద ఆ కాగితాలు నింపడం నాకైతే మంచి ఆలోచనగా అనిపించడం లేదు. (పిల్లలు ఆడుకునే గాలి తుపాకిని కూడా న్యూజెర్సీ చట్టం తుపాకిగానే చూస్తుంది. బాబు దగ్గర ఏదైనా ఉంటే అది కూడా టెక్సాస్‌లోనే వదిలేయండి.)

ట్రక్కులో వేసుకెళ్ళే ఆలోచనకు ఆధారం ఎక్కడిదో నాకు తెలుసు. 1986 చట్టంలో ప్రయాణం గురించి ఒక నియమం ఉంది: గుళ్ళు తీసేసి, తాళం వేసి, అందకుండా పెట్టుకుని వెళ్తే దారిలో రాష్ట్రాలు ఏమీ అనకూడదు. అందరూ ఈ సగమే చెబుతారు. మిగతా సగం ఏమిటంటే, బయల్దేరిన చోటా, చేరే చోటా రెండూ చెల్లాలి. మీరు బయల్దేరేచోట లైసెన్స్ లేదు, చేరేచోట జాబితాలో ఉంది. దారిలో మేరీల్యాండ్, డెలవేర్ కూడా రావచ్చు. ఆ ఆలోచన ఇక్కడితో మర్చిపోండి. టెక్సాస్‌లోనే స్టోరేజి గది అద్దెకు తీసుకుని పడేయడం కూడా పనికిరాదు. తాళంచెవి మీ జేబులో ఉన్నంతకాలం అవి మీ దగ్గర ఉన్నట్టే లెక్క.

"మనవాడే కదా" అన్న మాట మన దగ్గర ఎన్ని పనులు చేయిస్తుందో! అప్పులు, హామీ సంతకాలు, ఇప్పుడు ఏకే. టెక్సాస్‌లో ఒక వ్యక్తి ఇంకో టెక్సాస్ వ్యక్తికి కాగితం లేకుండా అమ్మొచ్చు, నిజమే. కానీ కొనేవాడికి తుపాకి ఉండకూడదని తెలిసి, లేదా తెలియాల్సిన కారణం ఉండి అమ్మితే అమ్మినవాడికి అది విడిగా ఇంకో నేరం. ఆ కుర్రాడు హెచ్-1బీ అని మీకు తెలుసు. అతని దగ్గర హంటింగ్ లైసెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా సరే, అతను వచ్చే ఆగస్టులో రెన్యూ చేస్తాడని మీరు హామీ ఇస్తారా? మీరే మర్చిపోయారు. అతన్ని నిజంగా తమ్ముడనుకుంటే వద్దని చెప్పండి. క్యాష్ వెనక్కి తీసుకుని ముఖం మాడ్చుకుంటాడు, అంతే.

బావమరిది గారి మాట వేరు. ఆయన పౌరుడు, జార్జియాలో ఇలాంటి తుపాకులకు నిషేధం లేదు. ఉద్దేశం మంచిదే, దారి తప్పు. 1968 చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో ఉన్న మనిషికి చేతికి చేయి ఇవ్వకూడదు, అది అమ్మకమైనా బహుమతైనా. లైసెన్స్ ఉన్న షాపు ద్వారానే ఇవ్వాలి: మీ టెక్సాస్ షాపు జార్జియాలో లైసెన్స్ ఉన్న షాపుకి పంపితే, ఆయన అక్కడికెళ్ళి 4473 అనే కొనుగోలు ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తీసుకోవాలి. కొంత ఖర్చవుతుంది గానీ శుభ్రమైన దారి. ఒక మెలిక: ఇచ్చాక అవి ఆయనవి. "నావే, నీ దగ్గర దాచాను" అనే లెక్క మీ ఇద్దరి మధ్య ఉంటే, అవి ఇంకా మీ అధీనంలోనే ఉన్నాయని ఎవరైనా అనొచ్చు. రేపు మీకు గ్రీన్ కార్డు వచ్చి, చెల్లే రాష్ట్రంలో ఉంటే, అదే షాపు దారిలో ఆయన మీకు తిరిగి ఇవ్వొచ్చు. ఇవ్వకపోవచ్చు కూడా. ఆ థామ్సన్‌ని ఎవరు వెనక్కి ఇస్తారండీ?

షాపుకే అమ్మేయడం అన్నిటికన్నా తేలిక. కొన్నదాంట్లో ఎంతో కొంత పోతుంది. షాపువాడు తన లాభం చూసుకుంటాడు. కమీషన్ మీద అమ్మిపెట్టమంటే కాస్త ఎక్కువ వస్తుంది, కానీ అమ్ముడయ్యేదాకా ఆగాలి. అప్పటిదాకా వాటి కాగితాలు ఎవరి పేరు మీద ఉంటాయో లాయర్‌ని అడగండి. మీ పరిస్థితిలో నేనైతే ధర కోసం బేరాలాడను. బులెట్లు, డ్రమ్ము కూడా ఆ లెక్కలోనే పోనివ్వండి.

గుంటూరు ఇంటికి పంపే వీలుంటుందా అని సరదాగా అడిగారో, నిజంగా అడిగారో తెలియలేదు. ఉండదు. మన ఆయుధాల చట్టంలో ఇలాంటివి నిషేధిత ఆయుధాలు. లైసెన్స్ ఉన్న మామూలు తుపాకులు కూడా 2019 సవరణ తర్వాత మనిషికి రెండే.

కోర్టుల్లో ఈ నిషేధాలన్నీ కొట్టేస్తారని మీ రేంజ్ మిత్రులు అంటున్నారట. కేసులైతే చాలా ఉన్నాయి. మేరీల్యాండ్ నిషేధాన్ని అప్పీలు కోర్టు 2024లో సమర్థించింది, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. రేపు ఇంకోలా రావచ్చు. మీరు చేరాల్సింది ఫిబ్రవరిలో.

ఇప్పుడు ఇంట్లో సంగతి. "అన్నీ లీగలే, నువ్వు అనవసరంగా టెన్షన్ పడుతున్నావు" అని భార్యకు చెప్పానని రాశారు. ఆగస్టు దాకా అది నిజం. ఇప్పుడు కాదు, ఆ విషయం ఆమెకు తెలియదు. ఆమెకు ఎందుకు చెప్పాలంటే, ఆమె కూడా హెచ్-4. సేఫ్ కోడ్ ఆమెకు తెలిసి ఉంటే, వాటిపై ఆమెకూ అధీనం ఉందని వాదించే అవకాశం ఉంది. మీ సరదాలో ఆమె తనకు తెలియకుండానే భాగస్వామి అయింది, అడగకుండానే. లాయర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఆమె కోపంగా ఉంటుంది. దారంతా ఒక్క మాట మాట్లాడకపోవచ్చు. "నేను మర్చిపోయాను, నీకూ చెప్పలేదు" అనే రెండు ముక్కలు కారెక్కకముందే చెప్పండి. లాయర్ నోట ఆమె మొదటిసారి వినకూడదు.

ఆమె గెలిచిందనీ మీరు ఓడిపోయారనీ అనుకుంటారేమో. ఆమె అడిగింది ఇనుము పోవాలని. మీకు ఇష్టమైనది ఇనుమేనా? ఎన్‌సీసీ రోజు గురించి రాసిన పేరా మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాగుంది: పొట్ట మీద పడుకుని, ఊపిరి బిగబట్టి, మాస్టారు "ఫైర్" అనేదాకా ఆగడం. అందులో ఏకే లేదు, 50 గుళ్ళ డ్రమ్ము లేదు. స్టేటస్ సంగతి తేలాక, చట్టం ఒప్పుకున్నప్పుడు, టార్గెట్ షూటింగ్ క్లబ్బులు ఎక్కడికీ పోవు. లేదా విల్లంబులు నేర్చుకోండి, బాబును కూడా తీసుకెళ్ళొచ్చు, టీచర్ ఫోన్ చేయదు.

చివరగా, సంక్రాంతికి ఇండియా వెళ్తున్నామని రాశారు. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగు ఏదో ఉంటుంది కదా, దాన్ని ఆ ప్రయాణానికి వాడకండి. పక్క జేబులో, కుట్టు కింద ఒక తూటా మిగిలిపోతే శంషాబాద్ స్కానర్ పట్టేస్తుంది. అలా అమెరికా నుంచి వచ్చిన వాళ్ళ సామాన్లలో ఒక్క బులెట్ దొరికి, పెళ్ళికి బయల్దేరినవాళ్ళు పోలీస్ స్టేషన్‌లో కూర్చున్న సందర్భాలు ఉన్నాయి. బ్యాగుని, ఆ రోజు వేసుకున్న జాకెట్‌ని, కారు డోర్ పాకెట్లని ఇంకెవరితోనైనా, స్టేటస్ ఇబ్బంది లేని మనిషితో, వెతికించమని లాయర్‌ని అడగండి.